చెమ్మగోడకు ఉగాది చీర

ఇంటికి రిపేరు చేయించుకునేవాళ్లంత అమాయకులు లోకంలో ఉండరు! గోడ పగలగొట్టించడం, దుమ్ము మింగడం, మేస్త్రీ రేపొస్తానంటే నమ్మడం... ఎందుకండీ ఈ కష్టాలు? వసంతం రాగానే చెట్టు మొదలు మార్చుకుంటుందా? నాలుగు చిగుళ్లేసుకుని ఊరుకుంటుంది. ఇల్లూ అంతే!

ఈ జ్ఞానం మా అమ్మాయి ఇంద్రాణి ఫోన్లో వీడియోలు చూసి నాకు ప్రసాదించింది.

మేం ఎల్బీనగర్‌లో అద్దెకుంటున్నాం. హాల్లో బాత్రూమ్ వైపు గోడకు చెమ్మ దిగింది. మొదట అరచెయ్యంత ఉండేది. ఇప్పుడు స్విచ్‌బోర్డు దాకా పాకింది. మా అభిరామ్ లాప్‌టాప్ పెట్టుకునేది ఆ బోర్డుకే. వాడు ప్లగ్గు పట్టుకున్నప్పుడల్లా నేను వెదురు బూజుకర్ర పట్టుకుని వెనక నిలబడతాను. షాక్ కొడితే కొట్టి విడదీయొద్దూ!

"నిన్ను చూస్తేనే షాక్ కొడుతోందమ్మా" అంటాడు వాడు.

"రెనోవేషన్ అక్కర్లేదమ్మా, రిఫ్రెష్ చాలు. పండక్కి మనకు కొత్తబట్టలు, గోడకు చీరన్నా కట్టొద్దా?" అంది ఇంద్రాణి. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి కుషన్ కవర్లు, సీరియల్ లైట్లు, ఇటుకల బొమ్మున్న పెద్ద స్టిక్కరు, ప్లాస్టిక్ తీగ, ఎండుగడ్డి తెచ్చాం. అవును, ఎండుగడ్డే! ఒకప్పుడు గేదెలు తినేది. ఇప్పుడు కుండీలో నిలబడి వచ్చేపోయేవాళ్లను చూస్తుంది.

దాని పక్కనే సీరియల్ లైట్లు. అంటుకుంటే మా సందులోకి ఫైరింజన్ దూరుతుందా? అందుకే బకెట్‌తో నీళ్లు పెట్టాను. ఇంద్రాణి అందులో బంతిపూలు వేసి అదీ డెకరేషనేనంది. చూశారా, భయాన్ని కూడా అలంకరించుకోవచ్చు!

ప్లాస్టిక్ తీగకు నీళ్లక్కర్లేదు, పురుగు పట్టదు. పాము దూరదని మాత్రం ఎవరు హామీ ఇస్తారు? రోజూ పొద్దున్నే దులుపుతాను. మాది నాలుగో అంతస్తు. అయితే?

ఇక స్టిక్కరు మహాభాగ్యం! మా ఓనరు మహిపాల్ గారు మేకు కొట్టనివ్వరు. గోడకు దెబ్బ తగిలితే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. చెమ్మ దెబ్బ కాదు కాబట్టి దానికి అభ్యంతరం లేదు.

నెలల తరబడి "ఒస్తనమ్మా, జర ఓపిక పట్టుండ్రి" అంటున్న ఆ మనిషి, ఉగాది ముందురోజు గోడ చూడ్డానికొస్తున్నానని ఫోన్ చేశారు.

ఇంటికి మనిషొస్తున్నాడు! చేతులు ఊరుకుంటాయా? డాక్టరొస్తున్నాడంటే రోగికి దుప్పటి మార్చి, మొహానికి పౌడరద్ది కూర్చోబెట్టే జాతి మనది. గబగబా సోఫా జరిపాం, అగరొత్తి వెలిగించాం, లైట్లు వేశాం. సరిగ్గా ఆ చెమ్మ మీదే ఇటుకల స్టిక్కరు అతికించాను. నా చేతులతో నేనే!

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"అబ్బ! ఏందమ్మా, ఇల్లు హోటల్ లెక్క జేసిండ్రు! గోడ ఖరాబైందంటిరి, యాడున్నది?"

ఇంద్రాణి నన్ను గిల్లింది. నేను నోరు తెరిచాను.

"టీలో చక్కెర వేసుకుంటారా అండీ?" అన్నాను.

ఏం చెయ్యను? ఇల్లు బాగుందన్న మనిషి ముందు చెమ్మ సంగతి ఎత్తడానికి నోరెలా వస్తుంది? అభిరామ్ నన్ను కొరకొరా చూశాడు.

ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చామో లేదో, స్టిక్కరు పైమూల ఊడింది. తడిసిన సున్నాన్ని వెంటేసుకుని వచ్చి ఓనరు గారి కప్పు పక్కన పడింది. నేను చెప్పలేనిది గోడే సిగ్గు విడిచి చెప్పేసింది!

మహిపాల్ గారు గోడ చూశారు, స్విచ్‌బోర్డు చూశారు, టీ పూర్తిగా తాగారు.

"గీ స్టిక్కర్ల గమ్ మంచిగ లేదమ్మా. మా బామ్మర్ది దుకాణంల గట్టిది దొరుకుతది. పండగ పూట గోడలు పగలగొడ్తరా ఎవలన్న?"

ఎంత లోకజ్ఞానం! గట్టి స్టిక్కరే తెచ్చాం. సముద్రం బొమ్మది. చెమ్మ ఎటు పాకినా కెరటమే అనుకోవచ్చు. ఇల్లు కళకళలాడుతోంది.

పండక్కి మీరూ తప్పక రండి. వచ్చేముందు ఫోన్ మాత్రం చెయ్యకండి, చేస్తే సర్దేస్తాను. చెప్పాపెట్టకుండా రండి. బూజుకర్ర పట్టుకుని, మా అభిరామ్ వెనకే నిలబడి ఉంటాను.