గ్యారేజీ కప్పుకు తెల్లరంగు

ఆ రోజుకి డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం సాదాసీదాది. పదకొండింటికి అగ్నిమాపక శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు, అపార్టుమెంటు కింద గ్యారేజీలో కొత్తగా కప్పుకు బిగించిన, మంట పుడితే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు చూస్తాడు, బాగున్నాయని సంతకం పెడతాడు. సాయంత్రం సంఘం మీటింగులో ఆ కాగితం చూపిస్తే, అవి దండగ, పీకించేయాలని పట్టుబడుతున్న రెండో అంతస్తు పళ్ళ డాక్టరు నోరు మూతపడుతుంది.

మాస్టారు ఆ సంఘానికి సెక్రటరీ. ఆర్నెల్లు గుమ్మం గుమ్మం తిరిగి, కార్ల మధ్య నిప్పు పుడితే ఏమవుతుందో, ముందు ఎవరిని దించాలో కాగితాల మీద బొమ్మలు గీసి పంచి, జనాన్ని ఒప్పించారు. అంత పట్టుదల ఎందుకో అందరికీ తెలుసు. గ్యారేజీకి సరిగ్గా పైన, మొదటి అంతస్తులో, ఆయనతో పాటు ఆయన అక్కయ్య ఉంటుంది. తుంటి ఎముక విరిగాక ఆమెకు నడక లేదు, ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు. కింద ఏదైనా అంటుకుంటే అక్క గతేమిటన్న ఆలోచన వచ్చిన రోజున మాస్టారికి అన్నం సహించదు. ఎనిమిది నెలలుగా ఆమె గడప దాటలేదు. ఏది కావాలన్నా తమ్ముడే తెచ్చిస్తాడు, అడగనివి కూడా.

తొమ్మిదింటికి ఆయన గ్యారేజీలోకి దిగి పైకి చూశారు. ముందురోజు రంగు వేయిస్తూ, "ఒక్క అంగుళం కూడా వదలొద్దు" అని పెయింటరుకి చెప్పిన మాట నిజం. ఆ పెయింటరు మాట మీద నిలబడే మనిషి. నలభై రెండు స్ప్రింక్లర్లూ, వాటి మధ్య ఉండే ఎర్ర గాజుబుడ్డితో సహా, మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

"నీటుగా ఉంది కదా మాస్టారూ? నిన్నటిదాకా ఎర్ర మచ్చల్లా కనిపించేవి" అన్నాడు పెయింటరు.

మాస్టారు నిబంధనల పుస్తకం తెరిచారు. రంగు పూసిన స్ప్రింక్లరును మార్చవలెను, తుడిచి వాడరాదు అని ఉంది. మూడుసార్లు చదివినా ఆ వాక్యం మారలేదు.

"తుడిచినట్టు తెలిస్తే కదండీ" అన్నాడు పెయింటరు మెల్లగా.

ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని రబ్బరు ముట్టనివ్వని మనిషి ఆ మాటకు లొంగిపోయారు. థిన్నరుతో రుద్దితే రంగు కదల్లేదు. కాస్త వేడి తగిలితే మెత్తబడుతుందని పెయింటరు అనడంతో, మాస్టారు పైకెళ్ళి హెయిర్ డ్రయ్యరు అడిగారు.

"నీకున్న నాలుగు వెంట్రుకలకి ఇదెందుకురా?" అంది అక్కయ్య.

వేడి తగిలితే పగలడమే ఆ గాజుబుడ్డి ఉద్యోగం. నిమిషంలోపే అది తన ఉద్యోగం చేసింది. నీళ్ళు కుండపోతగా మాస్టారి నెత్తిన పడ్డాయి, బిల్డింగంతా దద్దరిల్లేలా అలారం మోగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనుకుంటూ ఆయన వాల్వు దగ్గరికి పరుగెత్తారు. వాల్వు చక్రం కూడా తెల్లగా, రంగుతో బిగుసుకుపోయి ఉంది.

"ఇదీ వదల్లేదా నాయనా?"

"మీరే కదండీ, అంగుళం కూడా అన్నారు!"

మంటలనుకుని జనం మెట్ల మీద నుంచి దూకినంత పని చేశారు. ఒకాయన మొహానికి సబ్బుతో వచ్చాడు. నలుగురు ఒకేసారి కార్లు బయటికి తీయబోయి, గేటులో రెండు ఇరుక్కుని ఇక ఏదీ కదల్లేదు. మాస్టారూ పెయింటరూ కలిసి వేలాడితే చివరికి వాల్వు తిరిగింది. మాస్టారు తడిసి ముద్దై బయటికొచ్చి, అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టారు. ఇద్దరు తక్కువ. ఒకరు డాక్టరు. రెండోవారు ఎవరో గుర్తొచ్చేసరికి ఆయన మెట్ల వైపు పరుగెత్తారు. ఎవరి కోసం ఇన్నాళ్ళు తిరిగారో, ఆ మనిషినే మరిచిపోయారు.

అప్పుడే డాక్టరు రొప్పుతూ మెట్లు దిగాడు. అతని వీపు మీద అక్కయ్య ఉంది.

"ముందు ఆవిణ్ణి దించాలని మీరు పంచిన కాగితంలోనే ఉందిగా మాస్టారూ! తప్పులు పట్టాలని నాలుగుసార్లు చదివాను" అన్నాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి, నిమ్మకు నీరెత్తినట్టు అంతా చూసి, రాశాడు: నలభై ఒకటి మార్చాలి, సక్రమంగా పనిచేసింది ఒక్కటే, అది పగిలిపోయింది.

సాయంత్రం మీటింగు గేటు దగ్గరే జరిగింది. అక్కయ్య పైకి రానని భీష్మించుకోవడంతో ఆమె కుర్చీ కూడా అక్కడే వేశారు. అన్నీ కొత్తవి వేయించాలని డాక్టరే ప్రతిపాదించాడు. ఒక్కటే అంత వాన కురిపిస్తే ఇంకేం కావాలన్నాడు. చేతులన్నీ లేచాయి, అక్కయ్యది తప్ప.

"అక్కా, ఇదంతా నీకోసమేగా!"

"తెలుసురా. అవి బాగా పనిచేస్తే, ఇక నన్ను కిందికి దించే పని ఎవరికీ ఉండదుగా?" అంది ఆమె, వీధిలో పోయే జనాన్ని చూస్తూ.

మాస్టారు సంఘం మినిట్సు పుస్తకం తెరిచారు. తీర్మానం నెగ్గిందనీ, వ్యతిరేకంగా పడ్డ ఒక్క ఓటూ సెక్రటరీ ఇంటిదేననీ తన చేత్తోనే రాసుకున్నారు.