తాబేలు గుడ్లూ, తాళం చెవులూ

శనివారం పొద్దున ఆర్లీన్ వేసిన ప్లాను చాలా చిన్నది. మిస్సోరి నది ఒడ్డునే, పట్టాలు పీకేసి సైకిళ్లకు వదిలేసిన పాత రైలుదారి ఉంది. దానికి ఈ చివర రైన్‌బర్గ్, ఆ చివర మడ్ క్రీక్. మొగుడు ఎల్డన్ తన ట్రక్కును రైన్‌బర్గ్‌లో పెట్టి ఇటు నుంచి తొక్కుతాడు. తను కారును మడ్ క్రీక్‌లో పెట్టి అటు నుంచి తొక్కుతుంది. నడిమధ్య పాత స్టేషను దగ్గర కలిసి తాళం చెవులు మార్చుకుంటే, ఎవరూ వెనక్కి తొక్కక్కర్లేదు. కలిసి తొక్కొచ్చు కదా అంటే, ఎల్డన్ ప్రతి పుట్టగొడుగు దగ్గరా దిగిపోతాడు.

ఆర్లీన్ చేసిన పీచ్ కేకు ట్రక్కులో, ఐసుపెట్టెలో ఉంది. మధ్యాహ్నం రెండు కొట్టేలోపు రైన్‌బర్గ్ సంతలో పీచ్ కేకుల పోటీ బల్ల మీద పెట్టాలి. ఏటా మొదటి బహుమతి, ఆ నీలం రిబ్బను, ఊళ్లోని వెర్నాకే. ఆమెకు భయపడి మిగతావాళ్లు పోటీకి రావడమే మానేశారు, ఒక్క ఆర్లీన్ తప్ప.

ఆర్లీన్ స్టేషను చేరేసరికి ఎల్డన్ మోకాళ్ల మీద ఉన్నాడు.

"ష్! గుడ్లు పెడుతోంది!"

"తాబేలా? కంకర్లోనా? ఇంకెక్కడా చోటు దొరకలేదా దీనికి?"

"ఎండ బాగా తగిలేది ఇక్కడే. వెనక్కాళ్లతో ఎలా తవ్విందో చూడు!"

ఆర్లీన్ కూడా మోకాళ్ల మీద కూలబడింది. తాబేలు గుంత పూడ్చి నదిలోకి వెళ్లిపోయాక, ఇద్దరూ ఆనందంగా చెరో వైపూ తొక్కుకుంటూ పోయారు.

రైన్‌బర్గ్‌లో ట్రక్కు దగ్గర ఆర్లీన్ జేబులో చెయ్యి పెడితే తన కారు తాళమే తగిలింది. అద్దం లోంచి ఐసుపెట్టె కనిపిస్తోంది. ఆ కొండల కింద ఫోను పలకదు.

"ఏమైందే, అలా ఉన్నావు?" అప్పుడే కేకుతో కారులో వచ్చిన వెర్నా అడిగింది. సంగతి విని, "ఎక్కు, మీ ఆయన నీ కారు దగ్గరే ఉంటాడుగా. నా కేకు ఒళ్లో పెట్టుకో. కదిపావో, దింపేస్తా!" అంది.

కానీ ఎల్డన్ అక్కడ ఆగలేదు. సంతకు వెళ్తున్న పుచ్చకాయల లారీ ఎక్కేశాడు. దారిలో వీళ్లకు ఆ లారీ ఎదురైంది, కిటికీలోంచి తాళం ఊపుతున్న చెయ్యి కనిపించింది.

"తిప్పు, తిప్పు!" అరిచింది ఆర్లీన్. అటు ఎల్డన్ కూడా అదే అరిచాడు. రెండు బళ్లూ తిరిగాయి. మళ్లీ ఎదురెదురుగా దాటిపోయాయి.

"ఎవరో ఒకళ్లం ఆగాలే!" అని వెర్నా ఆపింది. ఎండకు కేకు మీది క్రీము కారిపోతోందని నీడ కోసం మొక్కజొన్న చేల మధ్యకు పోనిచ్చింది. చేను కారు కంటే ఎత్తుంది.

లారీవాడికి ఓపిక పోయింది. "పెద్దాయనా, నా కాయలు ఉడికిపోతున్నాయి. సంతకే పోతున్నా, ఇంక నువ్వేమన్నా తిప్పను!" అని వెనక్కి తిప్పుకుని చేను పక్కనుంచే దూసుకుపోయాడు.

లారీ కోసం చూస్తూ ఉండగానే రెండు దాటింది. ఇద్దరికీ ఆకలి. వెర్నా నిట్టూర్చి కేకు మూత తీసింది. చేతులతోనే తిన్నారు.

"ఏళ్ల నుంచీ అడగాలనుంది," అంది ఆర్లీన్ నోటినిండా కేకుతో. "పిండిలో ఏం కలుపుతావే?"

వెర్నా ముఖం కందిపోయింది. "కొట్లో ప్యాకెట్టే. నీళ్లూ గుడ్లూ కలపడం. ఎవరితోనైనా అన్నావో!"

ఆర్లీన్‌కు నవ్వుతో పొలమారింది.

సంతకు చేరేసరికి ఎల్డన్ టోపీకి నీలం రిబ్బను గుచ్చుకుని నిలబడి ఉన్నాడు. ట్రక్కు తాళం తీసి, కేకును బల్ల మీద సమయానికే పెట్టాడట.

"మొదటి బహుమతి, ఆర్లీన్! జడ్జీలు నోరెత్తకుండా ఒప్పుకున్నారు!"

పీచ్ కేకుల బల్ల మీద ఆ ఏడు ఉన్న కేకు అదొక్కటే.