గడ్డి తినువారి వివరములు

ఏది దేనిమీద మొలవాలో ముందుగా నిర్ణయించి, ఆ తరవాతే మొలవనివ్వడాన్ని నాగరికత అంటారు. అడవిలో ఈ పద్ధతి లేదు. అందుకే అక్కడ పుట్టగొడుగులు ఇష్టమొచ్చినట్టు మొలుస్తాయి, ఎవరూ సంతకం పెట్టరు. ఈ అరాచకం ఇళ్ళలోకి పాకకుండా చూసేందుకే మా పట్టణంలో 'గృహ పుట్టగొడుగుల ఆధార పదార్థ నిర్ణయ కార్యాలయం' వెలిసింది. (దానికి శాఖలు కూడా వెలిశాయి. ఎలా వెలిశాయో చెప్పడానికి మన భాషలో ఒకే ఒక్క పోలిక ఉంది. గౌరవం కొద్దీ ఇక్కడ వాడటం లేదు.)

మా పిన్నికి ఈ సంగతులేవీ తెలియవు. ఆవిడ ఒక బడి వంటగదిలో పనిచేసేది, ఆ వంటగది మూసేశారు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందని, పెరటి గదిలో పుట్టగొడుగులు పెంచుదామనుకుంది. వీధి మూలనున్న హోటలాయన, "మొదటి బుట్ట బాగుంటే ఇక రోజూ మీ దగ్గరే తీసుకుంటానమ్మా. కానీ వానలు తగ్గేలోపు తేవాలి, ఆ తరవాత వేరేవాళ్ళకి మాటిచ్చేస్తా. ఆఫీసు అనుమతి కాగితం కూడా ఉండాలి" అన్నాడు.

పిన్ని సంబరంగా విత్తనం సంచీ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. గింజల మీద తెల్లటి పోగులు అల్లుకుని ఉండే ఆ విత్తనం కొన్ని వారాలే బతుకుతుంది. ఈలోగా దాన్ని దేంట్లో కలపాలన్నదే ప్రశ్న.

"ఎండుగడ్డి ఉడకబెట్టి, నీళ్ళు ఓడ్చి, కవర్లో పొరలు పొరలుగా వేస్తే సరిపోతుందిరా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అంది పిన్ని. పాపం.

ఆఫీసులో గడ్డి సెక్షన్ గుమాస్తా ఆవిడ దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ గడి ఖాళీగా వదిలేశారేంటమ్మా? 'గడ్డి తినువారి వివరములు'."

"తినేది పుట్టగొడుగులే కదా బాబూ."

"వాటికి నోరుందా?"

"లేదు."

"మరెలా తింటాయమ్మా? గడ్డి అంటే మేత. మేత అంటే నోరుండాలి."

నోరు లేనివాళ్ళకి అక్కడ పని జరగదని పిన్నికి అర్థమైంది. రంపపు పొట్టు సెక్షన్‌కి వెళ్ళింది. పొట్టు అంటే పూర్తికాని కుర్చీ కాబట్టి వడ్రంగిని వెంటబెట్టుకు రమ్మన్నారు. కాఫీ పిప్పి వాడతానంటే, ఆ కాఫీ ఎవరు తాగారో రుజువు అడిగారు. చెప్పులరిగేలా తిరిగి మళ్ళీ గడ్డి దగ్గరికే వచ్చింది.

అక్కడి సూపరింటెండెంటు దయగలవాడు. "దానికేముందమ్మా! మీరు ఏ గడ్డి మీద పెంచాలనుకుంటున్నారో, ఆ గడ్డి మీద పెరిగిన పుట్టగొడుగులు ఒక బుట్టెడు నమూనాగా తెండి. పరిశీలించి, పెంచడానికి అనుమతిస్తాం."

"పెంచకుండా ఎలా తెచ్చేది బాబూ?"

"అది మా పరిధిలోకి రాదమ్మా."

పిన్ని బజార్లో కొని తెచ్చి ఇచ్చింది. పచ్చివి పరిశీలనకు అనువుగా లేవని, వేయించి తెమ్మన్నారు. పరిశీలన మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళ జరిగింది. ఫలితాలు సంతృప్తికరంగానే ఉన్నా, ఒక్కసారితో తేల్చేయడం శాస్త్రీయం కాదని మర్నాడు మళ్ళీ తెమ్మన్నారు. ఆ పైన, సెలవులో ఉన్న మరో గుమాస్తా పరిశీలించలేకపోయాడు గనక ఇంకోసారి. (ఉప్పు తగ్గిందన్న అభిప్రాయం ఫైల్లో నమోదైంది.) నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని మాత్రం ఈసారి ఉప్పు సరిచూసి మరీ తీసుకెళ్ళింది.

వానలు తగ్గాయి. అప్పుడు ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చాడు. ఫ్రిజ్ తెరిచి సంచీ బయటికి తీస్తే, తెల్లగా ఉండాల్సిన విత్తనం ఆకుపచ్చ బూజు పట్టి పుల్లటి వాసన కొట్టింది. పిన్ని దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని అలాగే నిలబడిపోయింది. ఏడుస్తుందేమోనని నాకు భయమేసింది.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. "ఈ ఇంట్లో గడ్డి తినే జీవి ఏదీ లేదు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు.

"ఇంట్లో లేదు నాయనా," అంది పిన్ని. "మీ ఆఫీసులో ఉంది."

ఆయన నిక్కచ్చి మనిషి. "ఒకటేనా?"

"నేనెళ్ళినప్పుడల్లా నలుగురైదుగురు కనబడేవాళ్ళు. సెలవులో ఉన్నాయన వేరే."

ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. దాంతో ఆ గడి నిండింది. గడులన్నీ నిండిన దరఖాస్తును ఆపే అధికారం మా పట్టణం ఆఫీసుల్లో ఎవరికీ లేదు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: 'ఎండుగడ్డి ఆమోదించడమైనది. సదరు గడ్డిని తినువారి చిరునామాకు దరఖాస్తుదారే స్వయంగా చేర్చవలెను.'

హోటలాయన అప్పటికే వేరేవాళ్ళకి మాటిచ్చేశాడు. పిన్ని గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా మొదలు సూపరింటెండెంటు దాకా, మళ్ళీ సెలవులో ఉన్నాయన బల్లతో సహా, ఎవర్నీ వదలకుండా అందరికీ గడ్డి పెట్టింది.

ముట్టినట్టు అందరూ సంతకాలు చేశారు.