మా ఇంటి కోడలి మీద ప్రయోగాలా?

బస్సు కండక్టరమ్మ గర్భసంచికి వచ్చిన క్యాన్సర్ బహు అరుదైనదని పెద్దాసుపత్రి వారు ధ్రువీకరించడంతో, ఆమె అత్తవారింటి ప్రతిష్ఠ వీధిలో అమాంతం పెరిగిపోయింది. ఎదురింటి వాళ్లకున్నది వట్టి షుగరు. పక్కింటాయన గుండెలో స్టెంటు వేయించుకున్నాడు గానీ, అలాంటివి ఊరంతా ఉన్నాయి. లక్షల్లో ఒకరికి వస్తుందట అని ఆడపడుచు కనిపించిన వాళ్లందరికీ చెప్పుకొచ్చింది. ఎక్కడ వచ్చిందని అడిగితే మాత్రం గొంతు తగ్గించి "లోపల" అనేది. పిల్లలు పుట్టడం పూర్తయ్యాక గర్భసంచి మాటెత్తే అలవాటు ఆ ఇంట్లో లేదు.

ఆపరేషన్ అయ్యాక కూడా జబ్బు మళ్లీ తలెత్తింది. ఇంత అరుదైన జబ్బుకు రోగులు దొరకడమే కష్టమనీ, అందుకే తెలిసిన మందులు తక్కువనీ డాక్టరమ్మ చెప్పింది. కొత్త మందొకటి ట్రయల్‌లో, అంటే ఒప్పుకున్న రోగులకిచ్చి పరీక్షించే దశలో ఉంది. అందులో చేరడానికి ఒక్క చోటు మిగిలింది. నయమవుతుందని మాట ఇవ్వలేమని కూడా చెప్పింది. కండక్టరమ్మ అడగవలసినవన్నీ అడిగి, చేరతానంది.

ఈ వార్త అందగానే ఇంట్లో అత్యవసర సమావేశం ఏర్పాటైంది. హెడ్ క్లర్కుగా రిటైరైన బావగారు అధ్యక్షత వహించారు. రోగి స్వయంగా కక్షిదారు కనుక, నిష్పాక్షికత దృష్ట్యా ఆమెను వంటింట్లో టీ పెట్టడానికి నియమించారు.

"మా ఇంటి కోడలి మీద ప్రయోగాలా? మనం మనుషులమా, ఎలుకలమా?" అని బావగారు ప్రసంగించారు. ప్రయోగాలను ఖండిస్తూ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అనంతరం, రుజువైన వైద్యాలకు మాత్రమే ఆమోదం లభించింది. మొదటిది బావగారు ఫోన్‌లో చూసిన ఆకుపసరు. అది బట్టతలకూ, మొక్కజొన్న తెగులుకూ కూడా పనిచేస్తుందని అదే వీడియోలో చెప్పారు కాబట్టి, దాని సామర్థ్యాన్ని శంకించడానికి లేదు. రెండోది ఆడపడుచు తెచ్చిన నల్లపొడి. అందులో ఏముందో తయారుచేసినాయనకే తెలియనంత రహస్యమైన మందు. మూడోది భర్తగారి కానుక, అయస్కాంతపు నడికట్టు. దాని మహిమ మర్నాడే బస్సులో వెల్లడైంది. చిల్లరంతా కండక్టరమ్మ నడుముకు అతుక్కుపోయి, ప్రయాణికులు తమ బాకీ కోసం ఆమె నడుం వైపు చూడవలసి వచ్చింది.

ట్రయల్‌కు ముందు రక్తపరీక్ష చేస్తే, లివరు అంకెలు కొండెక్కి కూర్చున్నాయి. ఏం తింటున్నారని డాక్టరమ్మ అడిగింది. కండక్టరమ్మ చెప్పింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"రెండు వారాలు అవన్నీ మానేయండి. అంకెలు దిగితే తీసుకుంటాం. దిగకపోతే ఈ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

నవ్వులాటగా చెబుతున్నాం గానీ, ఆ రోజు తిరుగు బస్సులో ఆమెకు ఒళ్లంతా భయం పట్టింది. ఆమెకు బతకాలని ఉంది.

ఇంటికొచ్చి మానేస్తానంటే ఎవరూ చెవిన పెట్టలేదు. మధ్యలో ఆపితే పసరు వికటిస్తుందని బావగారు హెచ్చరించారు. అప్పుడు ఆమె, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్లను లోపలికి పంపే గొంతు తీసింది.

"అక్కడ కొత్త మందుల్ని చాలావరకు ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకిచ్చి చూస్తారట బావగారూ. మనింట్లో మీకంటే గట్టి మనిషి ఎవరున్నారు? తాగండి."

బావగారు పసరు గ్లాసు అందుకున్నారు. వాసన చూశారు. గ్లాసు కింద పెట్టారు.

"ఇందులో ఏముందో తెలీకుండా ఎలా తాగుతానమ్మా?"

నల్లపొడి డబ్బా మూత తీసేసరికి ఆడపడుచుకు అర్జెంటు ప్రయాణం గుర్తొచ్చింది. భర్త ఒక్కడే మాట మీద నిలబడ్డాడు. నడికట్టు బిగించుకుని ఇనప బీరువా పక్కగా నడిచాడు. టీ వేళకు ఇద్దరు పట్టుకుని లాగితే ఊడి వచ్చాడు.

ఆ తర్వాత రెండు వారాలూ ఇంట్లో వైద్యసేవలు స్తంభించాయి. అంకెలు దిగాయి.

డాక్టరమ్మ కాగితాలన్నీ ఓపిగ్గా చదివి వినిపించింది. ఇష్టమైతేనే చేరవచ్చు, వద్దనుకున్న రోజున మానేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. చివర్లో, అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. ఇంతకుముందు మీ మీద ఎవరైనా, ఏవైనా ప్రయోగాలు చేశారా?

కండక్టరమ్మ తలూపింది.

"పెళ్లైనప్పట్నుంచీ చేస్తూనే ఉన్నారు డాక్టరమ్మా. నీకిష్టమేనా అని అడిగింది మాత్రం మీరే."

దాన్ని ఏ గడిలో రాయాలో డాక్టరమ్మకు తోచలేదు. ఏ గడో మీ ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెబుతారేమో. ఇప్పటిదాకా వాళ్లను ఏదైనా అడిగిన అలవాటు మీకుంటే.