అట్టపెట్టెలో కంప్యూటర్

ఆ ఉదయం పళ్ల డాక్టరమ్మ ఆసుపత్రి వరండాలో, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి కంప్యూటరైంది. డిజైనరమ్మ దానికి కిటికీ కోసి, లోపల మొగుణ్ణి కూర్చోబెట్టింది. అపాయింట్‌మెంట్లిచ్చే ప్రోగ్రాం రాయకముందే దాని తెరలన్నీ కాగితాల మీద గీసి, ఇద్దరు రోగుల చేత నొక్కించి చూడాలని ఆవిడ ప్లాను. డాక్టరమ్మకు నచ్చితేనే ఆవిడకు మొదటి కాంట్రాక్టు.

"వాళ్లు ఏ బటన్ బొమ్మ నొక్కితే దాని తర్వాతి కాగితం పెట్టండి. నోరు మెదపకండి. కంప్యూటర్ మాట్లాడదు."

"పెళ్లయినప్పట్నుంచీ చేస్తున్న ఉద్యోగమేగా," అంది పెట్టె.

ఆవిడ జిరాక్సుకని అలా వెళ్లిందో లేదో, డాక్టరమ్మ ఉత్సాహం పట్టలేక గేటుకు బోర్డు తగిలించింది: అపాయింట్‌మెంట్లు ఇక పెట్టె దగ్గరే. రిసెప్షనిస్టుకు సెలవు కూడా ఇచ్చేసింది.

ముందు దర్జీ వచ్చాడు, బూరెలా వాచిన బుగ్గతో. నొక్కాడు. 'ఈరోజు, పది గంటలు' అని కాగితం వచ్చింది. తర్వాత లారీ డ్రైవరు. పది గంటలే. నమూనాకి ఎన్ని టైములని గీస్తుంది, డిజైనరమ్మ ఒక్కటే గీసింది మరి. "నాకు సాయంత్రం కావాలయ్యా," అని డ్రైవరు గట్టిగా నొక్కితే వేలు అట్టలోంచి దూసుకెళ్లి కంప్యూటర్ ముక్కుకు తగిలింది. కంప్యూటర్ తుమ్మింది. మళ్లీ పదే చూపించింది.

పదింటికి ఇరవైముగ్గురు ఒక్కసారిగా డాక్టరమ్మ గది మీద పడ్డారు.

"ఏమ్మా, నాకున్నది ఒక్క కుర్చీ, రెండు చేతులు," అని అప్పుడే తిరిగొచ్చిన డిజైనరమ్మ మీద పళ్లు నూరింది డాక్టరమ్మ. "నువ్వు ఇరవైమూడు నోళ్లు ఒకేసారి తెరిపించావు."

డిజైనరమ్మ స్టూలెక్కింది. "అందరూ క్షమించాలి. ఇది ఉత్త నమూనా. పది గంటలన్నది ఉదాహరణకి గీశాను. లోపలున్నది మా ఆయన." పెట్టె పైకెత్తి చూపించింది.

"మనిషని మాకు తెలుసులేమ్మా," అన్నాడు దర్జీ. "ఎన్నాళ్ల నుంచి నొప్పి, జ్వరముందా అని చీటీలు రాసి అడిగాడు. ఇంతవరకూ ఇక్కడెవరూ అడగలేదు."

కంప్యూటర్ ఒళ్లో చీటీలు మూడు దొంతరలుగా ఉన్నాయి: వాపు, నొప్పి, క్లీనింగు. డాక్టరమ్మ వాటిని తిరగేసి, వాపు దొంతరలో పైనున్న దర్జీని లోపలికి పంపింది.

"నాకు కావలసింది ఇదే. ఇన్నాళ్లూ చెప్పడం చేతకాలేదు."

డిజైనరమ్మ మొహం వెలిగిపోయింది. "అయితే ఇదంతా ప్రోగ్రాంలో పెట్టేస్తానండీ."

"ప్రోగ్రాం ఎందుకమ్మా? రేపట్నుంచి ఈయన్నే పంపించు."

కాంట్రాక్టు కదులుతున్న పన్నులా ఊడిపోయింది. నమూనా మాత్రం పర్మనెంటైంది.