తినేసిన చలి సాయం

ఒక పెద్ద అడవిలో చలి ఎక్కువ, సభలు అంతకన్నా ఎక్కువ. అక్కడ వాగు ఒడ్డు బొరియలో కాపురముండే కుందేలును నేను. పేరు సూరప్ప. ఏ సభ జరిగినా ముందు వరసలో కూర్చునేవాణ్ణి. అర్థమయ్యేది తక్కువైనా తలూపడం బాగా వచ్చు.

మా అడవిలో ఒక ఉడుకుబుగ్గ ఉంది. కోతులు అందులో రాళ్ళు కాచి ఇంటింటికీ పంపేవి. ఒక రాయి ఉంటే తెల్లారేదాకా ఇల్లు వెచ్చగా ఉండేది. కొండమీది గుహల వాళ్ళు కావలసినన్ని రాళ్ళు వాడుకుని, నెలాఖరుకి పళ్ళు పంపేవారు.

బొరియల వాళ్ళని అలా నమ్మలేమన్నారు. మా గుమ్మాల్లో మీటరు అని చెప్పి తలా ఒక ఉడతను కూర్చోబెట్టారు. ముందు పండు చేతిలో పెడితేనే ఉడత రాయి దొర్లించేది. పైగా పండుకి గుహల్లో మూడు రాళ్ళు, మాకు రెండే. ఉడతకి జీతం ఎవరివ్వాలి మరి అని మా ఆవిడ నూకాలుకి నేనే విడమరిచి చెప్పాను. ఆవిడ ఇంకో పండు వెతకడానికి బయల్దేరింది.

ఆ ఏడు చలి ముదిరింది. మాకు అప్పుడే పుట్టిన పిల్లలు. దొరికిన పండల్లా ఉడతకిచ్చి మేమిద్దరం పస్తులున్నాం.

అంతలో సభ కూడింది. కార్యదర్శి నక్కగారు చలి సాయం ప్రకటించారు. ప్రతి ఇంటికీ ఉచితంగా రాళ్ళు. గుహలకి అవి నేరుగా వెళ్ళిపోతాయి. బొరియల వాళ్ళకి మాత్రం చీటీ వస్తుంది, దాన్ని కొండమీద కౌంటర్లో ఇచ్చి రాళ్ళు తెచ్చుకోవాలి. నేను లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాను.

చీటీ సాయంత్రం వచ్చింది. లేత పొన్నగంటాకు మీద నక్కగారి ముద్ర. పొద్దున్నే వెళ్దామని గూట్లో దాచాం. ఖాళీ కడుపులు, ఇంటినిండా పచ్చాకు వాసన. ముద్ర లేని వైపే కదా అని నూకాలు అంచు కొరికింది. రెండో వైపు వంకరగా కనబడుతోందని నేను సమం చేశాను. సమం చేస్తూ చేస్తూ ముద్ర దాకా వచ్చేశాం. ముద్ర కాస్త చేదు.

తెల్లారి చూస్తే మా ఒడ్డున ఏ కుందేలు దగ్గరా చీటీ లేదు. ఇంట్లో చిన్నది చల్లబడిపోతోంది. ఉత్త చేతులతోనే కొండెక్కాను. కౌంటర్ ముందే సభ జరుగుతోంది.

"చీటీ ఏది?" అన్నారు నక్కగారు.

"తిన్నానండి."

"రాళ్ళ కోసం ఇచ్చింది తింటావా?"

"ఆకలేసిందండి."

ఆయన సభ వైపు తిరిగి, "విన్నారుగా. చలేసినవాడు చీటీ దాచుకుంటాడు. వీళ్ళకి చలి లేదు," అన్నారు. ఆ లెక్కన బొరియల్లో చలి లేదని తీర్మానం జరిగింది. మిగిలిన రాళ్ళన్నీ గుహలకి పంపారు. అలవాటుకొద్దీ నేనూ తలూపాను. కొండ దిగేటప్పుడు ఏడుపొచ్చింది.

రాళ్ళలో సింహభాగం సింహంగారికే చేరింది. గుహ కొలిమిలా కాగిపోయింది. రాజుగారు ఆ పూటే మంచులో బయట పడుకుని దగ్గు తెచ్చుకున్నారు. నక్కగారు హడలిపోయి, మధ్యాహ్నానికల్లా కుందేళ్ళందరినీ పిలిపించారు. గుహలో నిలబడి రాజుగారికి చెవులతో విసరాలి.

పిల్లల్ని వదిలి రాలేమండి అంది నూకాలు.

"తెచ్చి ఓ మూల పడెయ్యండి," అన్నారు నక్కగారు విసుగ్గా.

అలా మా పిల్లలు రాజుగారి గుహలో ఒక మూల, వేడి రాళ్ళ పక్కన పడుకున్నారు. చిన్నది కాసేపటికి కదిలింది. నూకాలు విసరడం ఆపి దాని ఒళ్ళు తడిమి చూసుకుంది, మళ్ళీ విసరసాగింది. చలికాలమంతా మాకు అదే ఉద్యోగం.

ఎండాకాలం రాగానే నక్కగారు నివేదిక చదివారు. బొరియల వాళ్ళందరికీ వెచ్చదనం అందిందట. అబద్ధమనడానికి లేదు.

నీతి: పేదవాడి చలి తీరాలంటే ముందు పెద్దవాడికి ఉక్కపోయాలి.