ఆ శ్రీను కాదు

మీలో శ్రీనివాసరావులు ఎవరైనా ఉంటే ముందుగా ఓ దండం. నా బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు వినండి.

తిరువూరులో మా వీధి మొదట్లో నిలబడి "శ్రీనూ" అంటే సగం కిటికీలు తెరుచుకుంటాయి. బళ్ళో పొట్టి శ్రీను, బండ శ్రీను, చీమిడి శ్రీను అయిపోయాక నాకు మిగిలిన బిరుదు ఏమీ లేదు. ఎవరు ఏ శ్రీను కోసం వచ్చినా నన్ను చూపించి "ఆ శ్రీను కాదు" అనేవారు. చివరికి అదే నా ఇంటిపేరయింది. పెళ్ళి సంబంధానికి కూడా మధ్యవర్తి వేరే శ్రీను ఫోటో పంపించాడు.

"ఆ ఫోటో చూసే కదండీ నేను ఒప్పుకుంది" అంటూ మా ఆవిడ గీతాంజలి ఇప్పటికీ నిట్టూరుస్తుంది.

అందుకే కొడుకు పుట్టగానే ఆసుపత్రిలోనే ఒట్టు పెట్టుకున్నాను.

"ఈ ఊళ్ళో ఇంకెవడికీ లేని పేరే వీడికి పెడతాను. పెట్టకపోతే నా పేరు మార్చుకుంటాను!"

"మార్చుకోండి. వీధిలో ఒక శ్రీను తగ్గుతాడు" అంది గీత మంచం మీంచి.

పక్కనే మా మామగారు. వినగడప మనిషి, పేరు ఏడుకొండలు. మనవడికి తన పేరు పెడతారేమోనని ఆశ. నోరు తెరిచి అడిగే రకం కాదు. "మా రోజుల్లో వీధికో ఏడుకొండలు ఉండేవాడమ్మా. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను" అన్నారు కూతురితో, నాకు వినపడేలా.

"ఏడుకొండలా? పిలిచేసరికే ఆయాసం వస్తుంది" అన్నాను నేను, పెద్ద జోకు వేసినట్టు.

మామగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. గీత నన్ను చూసిన చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఫోన్లో తవ్వి తవ్వి పేరు పట్టాను. ఘృతాంశ్! పలికితే నోరు నిండిపోతోంది. వెంటనే బస్టాండుకి వెళ్ళి, జనం మధ్యలో నిలబడి "ఘృతాంశూ!" అని గొంతు చించుకున్నాను. ఒక్కరూ తిరగలేదు. ఓ ముసలాయన మాత్రం సంచీ సర్దుకుంటూ వచ్చి అడిగాడు.

"ఆ బస్సు గంపలగూడెం మీదగా వెళ్తుందా బాబూ?"

పరీక్ష పాసైన ఆనందంతో ఇంటికొచ్చి గీతకి చెప్పాను.

"ఘృతం అంటే నెయ్యి కదండీ?"

"అంటే... నేతి అంశ గలవాడు" అన్నాను తడుముకుని.

"రెండోవాడు పుడితే పప్పాంశ్ అని పెడదాం. అన్నదమ్ములు కలిసిమెలిసి ఉంటారు."

"వెటకారం చాలు. బారసాల దాకా ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తానండీ" అంది. మా ఆవిడ అంత వినయంగా మాట్లాడినప్పుడే అనుమానపడాల్సింది.

కొన్నాళ్ళకి పక్కింటి లిడియాగారు మనవణ్ణి ఎత్తుకుని వచ్చారు. "చర్చిలో వేరే పేరు పెట్టాం గానీ, ఇంట్లో పిలిచేది ఘృతాంశ్ అనే అండీ" అన్నారు.

చటుక్కున లేచాను. "ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"ఊరంతా అనుకుంటున్నారుగా! ఆ పేరు పెడితే పిల్లలు రాత్రిళ్ళు ఏడవకుండా నిద్రపోతారంట."

అంతే. నిద్రకి మొహం వాచిపోయిన తల్లిదండ్రులు ఎగబడ్డారు. పేర్లు పెట్టేసినవాళ్ళు మార్చుకున్నారు. ఎ.కొండూరు ఆటోల వెనక "ఘృతాంశ్ దీవెన" వెలిసింది. మా సందు చివర "ఘృతాంశ్ నేతి దోశ" అని బోర్డు పెట్టారు. ఊరు మొత్తానికి అర్థం తెలిసినవాడు ఆ దోశలాయన ఒక్కడే. ఎదురింటివాళ్ళు తెల్లవార్లూ మొరిగే కుక్కకి కూడా అదే పేరు పెట్టారు. అది ఇంకా ఉత్సాహంగా మొరుగుతోంది.

బారసాల రోజు రానే వచ్చింది.

"నాన్న బస్టాండులో దిగుతారు, తీసుకురండి. పనిలో పని, పేరు ఇంకోసారి పరీక్ష చేయండి. కుదరకపోతే ఇంకో పేరుందిగా, అదీ పిలిచి చూడండి" అంది గీత.

వెళ్ళి "ఘృతాంశూ" అన్నాను. చంకలో పిల్లాడున్న ప్రతి తల్లీ తిరిగింది. ఒక మేక కూడా తిరిగింది. ఓ తల్లి నా కంగారు చూసి పక్కావిడతో అంది.

"మన వాణ్ణి కాదులే వదినా. ఆ ఘృతాంశ్ కాదు."

నా కొడుక్కీ ఇదే గతా! నిజంగా ఏడుపొచ్చేసింది. కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"ఏడుకొండలూ!"

ఒక్కరూ తిరగలేదు. మేక కూడా తిరగలేదు.

అప్పుడే ఆగిన షేర్ ఆటోలోంచి నేతి డబ్బాతో ఓ పెద్దమనిషి దిగాడు. "ఏంటి అల్లుడుగారూ, పేరు పెట్టి పిలుస్తున్నారు?"

"మిమ్మల్ని కాదు మావయ్యగారూ... మీ మనవణ్ణి" అన్నాను తల దించుకుని.

"ఆయాసం వస్తుందన్నారుగా" అన్నారాయన, కళ్ళు ఒత్తుకుంటూ.

పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో కొడుకు పేరు రాస్తుంటే, గీత నా చెవిలో చెప్పింది.

"నిద్ర మాట ఊళ్ళో పుట్టించింది నేనేనండీ. మీరు ఒట్టు తప్పకూడదు కదా!"

ఉంగరం చేతిలోంచి జారి బియ్యంలో పడింది.

మనవడికి తన పేరు పెట్టాక మామగారు వినగడప వెళ్ళడం మానేశారు. తండ్రి పేరు పెట్టి తిట్టలేనంటూ గీత పిల్లాణ్ణి కోప్పడే పని నాకు వదిలేసింది. మొన్న పొద్దున్నే చూస్తే పక్కంతా తడి.

"ఒరేయ్ ఏడుకొండలూ! మళ్ళీ తడిపేశావా?" అని అరిచాను.

"లేదల్లుడుగారూ, కాఫీ ఒలికింది" అన్నారు మామగారు వరండాలోంచి, భయంభయంగా.

"అయ్యో, ఆ ఏడుకొండలు కాదండీ!" అన్నాను.

అనేశాక నాలిక కరుచుకున్నాను.